సోలార్ ప్యానెల్ మీద దుమ్ము: ఎప్పుడు అంటుకుంటుంది, ఎప్పుడు కడగాలి

ముగ్గు వేసేవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. పొడి సిమెంటు నేల మీద పిండి వేస్తే చిన్న గాలికే చెదిరిపోతుంది. కళ్ళాపి చల్లి, తడి ఆరకముందే వేస్తే మాత్రం ఎండెక్కాక చీపురుతో ఊడ్చినా గీతల జాడ పోదు. పిండి అదే, నేలా అదే. మధ్యలో తడి వచ్చింది, దాని వెనక ఎండ వచ్చింది.

డాబా మీది సోలార్ ప్యానెళ్ళకీ రోజూ ఇదే జరుగుతుంది. కాకపోతే అక్కడ కళ్ళాపి ఎవరూ చల్లరు, రాత్రి చల్లదనమే ఆ పని చేస్తుంది.

మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. ఊరి చుట్టూ నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లు, కాబట్టి దుమ్ముకి లోటు లేదు. పెట్టించిన మొదటి ఏప్రిల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి తీరిక దొరికిందని బోరు పైపు పట్టుకుని పైకెక్కాను. నీళ్ళు కొట్టీ కొట్టగానే ఆవిరైపోయాయి. గుడ్డ తెచ్చేలోపు గాజంతా తెల్లటి చుక్కలు. దుమ్ము అయితే వానకైనా పోయేది, ఆ చుక్కలు వదిలించడానికి నాకు మూడు ఉదయాలు పట్టింది. ఆ తర్వాతే చేతికన్నా గడియారానికి ఎక్కువ పని చెప్పడం మొదలుపెట్టాను. దుమ్ము పగలు వచ్చి పడుతుంది, తెల్లవారుజామున అంటుకుంటుంది, మధ్యాహ్నానికి గట్టిపడుతుంది. ఆ రెండో దశకీ మూడో దశకీ మధ్య మీరు డాబా మీద ఉండాలి. మిగతాదంతా దీని వివరమే.

ముందు, అసలు ఎందుకు అంటుకుంటుంది?

సీలింగ్ ఫ్యాన్ రెక్క చూడండి. అంత వేగంగా తిరుగుతున్నా దాని మీద దుమ్ము పేరుకుంటూనే ఉంటుంది. కారణం సైజు. రేణువు అడ్డకొలత పదో వంతుకి తగ్గితే దాని బరువు వెయ్యో వంతు అవుతుంది, అంటుకునే బలం మాత్రం సుమారు పదో వంతుకే తగ్గుతుంది. అంటే చిన్నదయ్యేకొద్దీ బరువుతో పోలిస్తే జిగురు పెరుగుతుంది. గులకరాయి ప్యానెల్ మీంచి దొర్లిపోతుంది. 20 మైక్రాన్ల ధూళి, అంటే వెంట్రుక మందంలో మూడో వంతు కూడా లేనిది, ప్యానెల్‌ని తలకిందులు చేసినా రాలదు.

ఈ అంటుకోవడంలో ముఖ్యంగా మూడు బలాలు పనిచేస్తాయి. మొదటిది, ఏ రెండు వస్తువులు బాగా దగ్గరైనా వాటి మధ్య పుట్టే ఆకర్షణ, వాండర్ వాల్స్ బలం. డాబా మీద ఉండే వేడికీ చలికీ ఇది పెద్దగా మారదు. రెండోది స్థిరవిద్యుత్తు, ప్లాస్టిక్ దువ్వెనకి కాగితం ముక్క అతుక్కోవడం లాంటిది. గాలి పొడిగా ఉన్నప్పుడు దీని జోరు ఎక్కువ. మూడోది రేణువుకీ గాజుకీ మధ్య ఇరుక్కునే సన్నటి నీటి పొర. మనకి తలనొప్పి తెచ్చేది ఇదే.

చిన్నప్పుడు తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుక గూడు కట్టే ఉంటారు. పొడి ఇసుకతో గూడు నిలవదు. కొంచెం తడి ఉంటే పాదం తీసినా నిలబడుతుంది. ఏటి అల వచ్చి పూర్తిగా ముంచేస్తే కూలిపోతుంది. రేణువుల మధ్య కొద్దిపాటి నీళ్ళే ఉన్నప్పుడు వాటి తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, రేణువుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటుంది. చుట్టూ నీళ్ళే అయిపోతే లాగడానికి అంచే ఉండదు. 20 మైక్రాన్ల రేణువు మీద ఈ లాగుడు, లెక్క ప్రకారం, దాని బరువుకి వేల రెట్లు ఉంటుంది. ఈ ఒక్కటీ గుర్తుంటే కింద చెప్పేవాటిలో సగం మీకే తోస్తాయి: చెమ్మ అంటిస్తుంది, వరద విడిపిస్తుంది.

మొదటి పని: మీ ప్యానెల్‌కి మంచు పడుతోందో లేదో చూడండి

మంచు గాల్లోంచి వానలా రాలదు. చల్లబడిన వస్తువు మీద, దాని చుట్టూ ఉన్న గాలిలోని ఆవిరే నీరవుతుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి ప్యానెల్ గాజు తన వేడిని పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. అందుకే వాతావరణ యాప్‌లో గాలి తేమ 100 శాతం లేకపోయినా ప్యానెల్ తడిసి ఉంటుంది. ఆరుబయట పెట్టిన బైక్ సీటు తెల్లారేసరికి తడిసి, పోర్టికో కింద ఉన్నది పొడిగా ఉండటం కూడా ఇందుకే. పోర్టికో కప్పు ఆకాశాన్ని అడ్డుకుంటుంది.

లెక్క కావాలంటే ఇదిగో. తెల్లవారుజామున గాలి 24 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే, 20 డిగ్రీల దగ్గరికి చల్లబడిన వస్తువు మీద మంచు పడుతుంది. ప్యానెల్ నాలుగు డిగ్రీలు దిగితే చాలు. అదే ఏప్రిల్ రాత్రి గాలి 28 డిగ్రీలు, తేమ 45 శాతం అనుకోండి. అప్పుడు గాజు 15 డిగ్రీలకి దిగితే తప్ప మంచు పడదు, అంత దిగదు కూడా. అందుకే మా వైపు వేసవిలో పడే దుమ్ము ఎక్కువైనా అంటుకునేది తక్కువ. చలికాలంలో పడేది తక్కువైనా పట్టు ఎక్కువ. కోస్తాలో ఉన్నవాళ్ళకి తేమ ఏడాదంతా ఉంటుంది, పైగా ఉప్పుగాలి. కాబట్టి వాళ్ళు ఈ లెక్కని తమ ఊరి తేమతో వేసుకోవాలి.

లెక్కలు వద్దనుకుంటే, వరసగా మూడు రోజులు ఉదయం ఐదున్నరకి పైకెళ్ళి గాజు మీద వేలితో గీయండి. గీత పొడిగా వస్తే మంచు లేదు. వేలికి బురద అంటితే ఉంది. అలారం పెట్టుకోవడం తప్ప దీనికి ఖర్చు లేదు.

రెండో పని: పట్టింది ఏమిటో తేల్చుకోండి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే అన్ని మరకలకీ వేడితో సంబంధం ఒకేలా ఉండదు.

మామూలు పొడి దుమ్ముని వేలితో తోస్తే పోతుంది. దీనితో ఇబ్బంది లేదు.

మంచుకి తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరిన దుమ్ము వేరు. దగ్గరగా చూస్తే చిన్న చిన్న ఉంగరాల్లా, చుక్కల్లా కనిపిస్తుంది. మంచు బొట్లు దుమ్ముని తమ అంచులకి చేర్చి ఆరిపోయిన గుర్తులవి. దుమ్ములో కొంత కరిగే ఉప్పు ఎప్పుడూ ఉంటుంది. రాత్రి నీటిలో కరుగుతుంది, ఉదయం ఎండకి నీరు పోతే గాజుకీ రేణువుకీ మధ్య గట్టి వంతెనలా మిగులుతుంది. నీటి లాగుడు అయితే ఆరగానే పోతుంది, ఈ వంతెన పోదు. పైగా రోజుకో వరస చేరుతుంది. మనవాళ్ళు ‘అట్టకట్టింది’ అనేది దీన్నే.

తర్వాతిది జిడ్డు. కింద వంటింటి ఎగ్జాస్ట్ ఉంటే నూనె పొగ, పక్కన డీజిల్ జనరేటర్ ఉంటే మసి. మామిడి చెట్టు కింద ప్యానెల్ పెట్టుకున్నవాళ్ళకి పూత కాలంలో తేనెమంచు పురుగు వదిలే తీపి జిగురు. ఇవి వేడికి మెత్తబడతాయి, చలికి బిగుస్తాయి. మధ్యాహ్నం మెత్తబడిన జిడ్డులోకి దుమ్ము దిగుతుంది, రాత్రి బిగుసుకుని దాన్ని పట్టేస్తుంది. దీనికి ఒట్టి చల్లనీళ్ళు పోస్తే జారిపోతాయి, మరక మాత్రం కదలదు.

పక్షి రెట్ట గురించి చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే. ఆరాక గీకకూడదు, నానాక తుడవాలి, అంతే.

అన్నిటికంటే మొండిది సిమెంటు దుమ్ము. పక్కింట్లో కొత్త అంతస్తు కడుతున్నారంటే జాగ్రత్త పడండి. మిగతా దుమ్ము మంచుకి తడిస్తే మట్టి అవుతుంది, సిమెంటు తడిస్తే సిమెంటే అవుతుంది. అది ఆరడం కాదు, నీటితో కలిసి గట్టిపడే రసాయన చర్య, వెనక్కి పోదు. కాబట్టి దీనికి మాత్రం ‘పొద్దున్నే కడగండి’ అనే నా సలహా పనికిరాదు. పడిన రోజే సాయంత్రం, గాజు చల్లబడ్డాక, మంచు పడకముందే, ధారాళంగా నీళ్ళు పోసి కడిగేయాలి. కొద్దిగా చిలకరించడం మాత్రం వద్దు. అది చేతులారా ప్లాస్టరింగ్ చేసుకోవడమే.

మూడో పని: దుమ్ము వల్లే తగ్గిందా, వేడి వల్లా?

ఏప్రిల్, మే నెలల్లో ఇన్వర్టర్ యాప్ చూసి ‘యూనిట్లు పడిపోయాయి, దుమ్ము పట్టేసింది’ అని చాలామంది టెన్షన్ పడతారు. ప్యానెల్ మీద రాసే వాట్లు గాజు కింద కరెంటు పుట్టించే సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఈ రోజుల్లో వాడే సిలికాన్ ప్యానెళ్ళు అక్కడినుంచి ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం కోల్పోతాయి. మన ఎండల్లో మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకి చేరడం మామూలే. 40 డిగ్రీలు ఎక్కువ, అంటే దాదాపు 14 శాతం. ఎంత తుడిచినా ఆ భాగం రాదు.

అందుకని ఇలా చూడండి. మబ్బు లేని ఒక రోజు మొత్తం యూనిట్లు రాసుకోండి. మర్నాడు పొద్దున్నే కడిగి, అదే వారంలో మరో మబ్బులేని రోజు యూనిట్లు రాసుకోండి. తేడా 3, 4 శాతం లోపే ఉంటే మీరు అనవసరంగా కడుగుతున్నట్టు. 10 శాతం దాటితే ఆలస్యం చేసినట్టు. నా నోటుపుస్తకంలో చలికాలపు తేడాలు వేసవి కంటే ఎక్కువే ఉన్నాయి. మొదట్లో నేను ఊహించింది దానికి తలకిందులు.

నాలుగో పని: నీళ్ళు సిద్ధం చేసుకోండి

వాడే నీళ్ళలో ఉప్పు ఎంత తక్కువైతే అంత మంచిది. బోరు నీళ్ళలోని సున్నానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. పంచదార, ఉప్పు వేడి నీళ్ళలో బాగా కరుగుతాయి, సున్నపు కార్బనేట్ వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది. నీళ్ళు కాచే రాడ్డు మీద తెల్లటి పెచ్చు కట్టడం చూశారుగా, వేడి ప్యానెల్ మీద బోరు నీళ్ళు పోస్తే జరిగేదీ అదే. నా తెల్ల చుక్కల కథ ఇక్కడిదే.

వాననీళ్ళు పట్టి ఉంచుకుంటే శ్రేష్ఠం. లేదా ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్‌లో పట్టండి. అవి గాలిలోని ఆవిరి చల్లబడి వచ్చినవి కాబట్టి వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. పల్చటి గుడ్డతో వడగడితే చాలు. ఆర్ఓ మెషిన్ శుద్ధి చేసిన నీళ్ళు బాగానే పనిచేస్తాయి, పక్క గొట్టంలోంచి పారబోసే నీళ్ళు మాత్రం ఎప్పుడూ వాడకండి, ఉప్పంతా వాటిలోకే చేరుతుంది. మా ఆవిడ ఆ నీళ్ళు వృథా పోతున్నాయని చాలాసార్లు ఇవ్వబోయింది. గిన్నెలు తొలవడానికి పెట్టించాను.

బోరు నీళ్ళు తప్ప దిక్కులేదంటే అవే వాడండి, కానీ ఒక్క బొట్టు కూడా గాజు మీద ఆరనివ్వకుండా వైపర్‌తో లాగేయాలి.

వేడినీళ్ళతో కడిగితే సులువుగా పోతుందా అని అడుగుతుంటారు. మామూలు దుమ్ముకి అవసరం లేదు. నీటి తలతన్యత 25 డిగ్రీల దగ్గర మీటరుకి 72 మిల్లీన్యూటన్లు, 60 డిగ్రీలకి వెళ్ళినా 66 దగ్గరే ఉంటుంది. పదో వంతు కూడా తగ్గలేదు. ఆ మాత్రానికి కాచిన నీళ్ళు మేడ మీదికి మోసుకెళ్ళడం దండగ. జిడ్డు సంగతి వేరు, నూనె వేడికి బాగా పల్చబడుతుంది. అందుకే జిడ్డు ఉన్నచోట మాత్రం గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, ఆ భాగాన్ని తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడిగేయండి. సబ్బు మిగిలిపోతే అదే కొత్త జిగురు అవుతుంది. మరుగుతున్న నీళ్ళు మాత్రం వద్దు.

6 ప్యానెళ్ళకి, అంటే దాదాపు 15 చదరపు మీటర్లకి, నాకు రెండు మూడు బకెట్లు సరిపోతున్నాయి. ట్యాంకు నీళ్ళ పైపుతో చేసినప్పుడు ఎన్ని పోయాయో ఎవరు లెక్కపెట్టారు!

ఐదో పని: కడగడం

సమయం తెల్లవారాక, ఎండ గాజు మీద పడకముందు. చలికాలంలో ఆరు నుంచి ఏడు మధ్య. మంచు పడిన రోజైతే మరీ మంచిది. ఎందుకంటే రాత్రంతా ఆ తడి ఉప్పు వంతెనల్ని కరిగించి ఉంచింది, సగం నానబెట్టే పని మీకు తప్పింది. ఇంకో రెండు గంటలు ఆగితే ఆ వంతెనలే మళ్ళీ కట్టుకుంటాయి.

సాయంత్రం కడగొచ్చా? గాజు చల్లబడ్డాక కడగొచ్చు, చాలా కంపెనీల మాన్యువళ్ళూ ఉదయం లేదా సాయంత్రం అనే చెప్తాయి. నాకు మాత్రం సాయంత్రం నచ్చదు. గాజు మీద మిగిలే చెమ్మ రాత్రి వచ్చే దుమ్ముకి చోటిస్తుంది. ఉదయం అయితే మిగిలిన చెమ్మని ఎండ ఆరబెట్టేస్తుంది. మధ్యాహ్నం అసలే వద్దు. 65 డిగ్రీల గాజు మీద 28 డిగ్రీల బోరు నీళ్ళు పడితే గాజు పైభాగం ఒక్కసారిగా బిగుస్తుంది. టఫెన్డ్ గాజు చాలావరకు తట్టుకుంటుంది, కానీ అంచున ఎక్కడైనా కనిపించని దెబ్బ ఉంటే అక్కడినుంచి పగలొచ్చు. ఆ పగులుకి వారంటీ వస్తుందని ఆశపెట్టుకోవద్దు.

పైకెక్కే ముందు ఇన్వర్టర్ మాన్యువల్లో చెప్పిన వరసలో ఏసీ (ఇంటి కరెంటు వైపు), డీసీ (ప్యానెళ్ళ వైపు) స్విచ్‌లు ఆపండి. ఆపినా, వెలుతురు ఉన్నంతసేపూ ప్యానెళ్ళలో వోల్టేజీ ఉంటుందని మర్చిపోవద్దు. గాజు పగిలిన ప్యానెల్, పైతొడుగు ఊడిన వైరు కనిపిస్తే నీళ్ళు పోయకండి, పెట్టినవాళ్ళని పిలవండి. రబ్బరు చెప్పులు వేసుకోండి. మంచుకి డాబా అంచులు జారుతుంటాయి, పిట్టగోడ లేని వైపు ఒంటరిగా వెళ్ళకండి. రేకుల కప్పు మీదో, ఎత్తైన స్టాండ్ మీదో ఉంటే మనిషిని పెట్టి చేయించుకోవడమే మేలు. ప్యానెల్ మీద కాలు మాత్రం ఎవరూ పెట్టకూడదు. గాజు పగలకపోయినా లోపలి సెల్ చిట్లుతుంది, అది కంటికి కనిపించదు.

ఇక పని. పొడి గుడ్డతో ఎప్పుడూ మొదలుపెట్టకండి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. పొడిగా రుద్దితే గాజు గీసుకుంటుంది, దాని పైన ఉండే కాంతిని వెనక్కి పోనివ్వని సన్నటి పూత అరుగుతుంది. అదీకాక పొడిగా రుద్దితే స్థిరవిద్యుత్తు పుట్టి దుమ్ము మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

పై అంచు నుంచి నీళ్ళు వదలండి. చిలకరించినట్టు కాదు, పొరలా జారాలి. పిచ్చుక గూటి సంగతి గుర్తుందిగా. మొదటి ప్యానెల్ నుంచి చివరిదాకా తడుపుకుంటూ వెళ్ళి, మళ్ళీ మొదటిదానికి వచ్చేసరికి నాలుగైదు నిమిషాలవుతుంది. ఆ నాలుగైదు నిమిషాలే మీ అసలు పనివాడు. ఎండ లేదు కాబట్టి నీళ్ళు ఆరవు, ఉప్పు కరుగుతుంది, రేణువులు పట్టు వదులుతాయి. మా ఇంటికి కడగడానికి వచ్చిన ఒకబ్బాయి ఈ నానబెట్టడం అంతా టైం వేస్ట్ అన్నాడు, బ్రష్‌తో గట్టిగా రుద్దితే చాలన్నాడు. రుద్దాడు కూడా. దుమ్ము పోయింది, గీతలు మిగిలాయి.

రెండోసారి నీళ్ళు వదులుతూ మెత్తటి మోపుతోనో మైక్రోఫైబర్ గుడ్డతోనో పైనుంచి కిందికి తోయండి. గుండ్రంగా తిప్పొద్దు, అడ్డంగా వద్దు. గుడ్డని ప్రతి ప్యానెల్ తర్వాతా జాడించాలి, లేదంటే ఒకదాని ఇసుకతో ఇంకోదాన్ని గీకినట్టే. ఆ తర్వాత రబ్బరు వైపర్‌తో లాగండి.

కింది అంచు దగ్గర ఆగండి. మన ప్రాంతంలో ప్యానెళ్ళు సుమారు 15 డిగ్రీల వాలుతో పెడతారు. ఆ కొద్ది వాలులో నీళ్ళు చివరిదాకా వచ్చి, అల్యూమినియం ఫ్రేము గట్టుకి ఆగిపోతాయి. అక్కడ ఆరి, రోజూ ఒక బురద గీత పేరుస్తాయి. చూడటానికి వేలెడు వెడల్పే, కానీ ఒక వరస సెల్స్‌ని కప్పేస్తే ప్యానెల్ దెబ్బతినేది ఆ వేలెడంత కాదు, అంతకంటే చాలా ఎక్కువ. ఆ గీతని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి పొడిగా చేయండి. నాకైతే మొత్తం కడగడానికి తీరిక లేని వారం ఈ ఒక్క అంచు తుడిచి వచ్చేస్తాను.

ఇప్పటికే తెల్ల మరకలు పడి ఉంటే, మాన్యువల్ ఏం ఒప్పుకుంటుందో చూసి, నీళ్ళలో బాగా పల్చగా కలిపిన వెనిగర్‌ని ఒక మూల కొద్ది భాగంలో ప్రయత్నించండి. చల్లని గాజు మీదే వేయాలి, ఫ్రేముకి తగలకూడదు, నిమిషంలో కడిగేయాలి. బాత్రూమ్ ఆసిడ్ దగ్గరికి కూడా రానీయకండి.

చేసి చూడదలచుకుంటే ఒక చిన్న ప్రయోగం

ఇదంతా నమ్మబుద్ధి కాకపోతే, లేదా ఇంట్లో సైన్స్ ప్రాజెక్టు కోసం పీకల మీద కూర్చున్న పిల్లలుంటే, చలికాలంలో ఇలా చేయండి. పాత ఫోటో ఫ్రేముల గాజులు రెండు తీసుకుని కడిగి ఆరబెట్టండి. రోడ్డు దుమ్ముని పాత చీరముక్కలో వేసి రెండింటి మీదా సమానంగా జల్లండి. డాబా మీద ఒకే వాలులో పెట్టండి. ఒకదాన్ని రోజూ పొద్దుగూకకముందే కదలకుండా ఇంట్లోకి తెచ్చి, ఉదయం ఎనిమిదికి మళ్ళీ బయట పెట్టండి. రెండోది రాత్రీ పగలూ బయటే. వారం తర్వాత రెండింటినీ నిలబెట్టి వెనక వేలితో తట్టండి, ఆపైన ఒకేలా ఊదండి.

రెండూ దాదాపు ఒకే దుమ్ము, ఒకే ఎండ చూశాయి. తేడా రాత్రి మంచే. మా ఇంట్లో లోపలికి తెచ్చినదాని మీద దుమ్ము చాలావరకు ఎగిరిపోయింది, బయటిదాని మీద ఉంగరాలు ఉంగరాలుగా ఉండిపోయింది. అప్పుడు దాని మీద ఒక గ్లాసు నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ పోశాం. జారిపోయింది.

ఇంకో వింత కూడా ఉంది, మన పనికి అంతగా ఉపయోగపడకపోయినా చెప్తాను. గాల్లోని సన్నటి ధూళి వేడి చోటు నుంచి చల్లటి చోటుకి నెట్టబడుతుంది. వేడి వస్తువు చుట్టూ దుమ్ములేని సన్నటి పొర ఏర్పడటాన్ని భౌతికశాస్త్రవేత్త జాన్ టిండాల్ 1870లోనే గమనించాడు. దీన్ని థర్మోఫోరెసిస్ అంటారు. వేడి వైపు గాలి అణువులు రేణువుని ఎక్కువ జోరుగా కొడతాయి, అందుకని అది చల్లటి వైపుకి జరుగుతుంది. ఆ లెక్కన మధ్యాహ్నం కాలే ప్యానెల్ సన్నటి ధూళిని కొంచెం దూరం నెడుతుంది, రాత్రి చల్లబడిన ప్యానెల్ కొంచెం పిలుస్తుంది. మంచు చేసే పని ముందు ఇది చిన్నదే. కానీ రాత్రిపూట మంచూ ఇదీ రెండూ ఒకే దిక్కున పనిచేయడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

నెలల వారీగా, మా డాబా లెక్క

మార్చి నుంచి మే దాకా దుమ్ము లేస్తుంది కానీ మంచు ఉండదు. రెండు వారాలకోసారి చాలు. అయితే ఆకాశం ఉరిమి నాలుగు చినుకులు రాల్చి వెళ్ళిపోయిన రోజు మర్నాడు తప్పకుండా కడగాలి. ఆ చినుకులు కడగవు, తడిపి వదిలేస్తాయి. కుండపోత వాన అయితే మీ పని అదే చేసిపెడుతుంది. కాబట్టి జూలై, ఆగస్టుల్లో నేను కింది అంచు తప్ప ఏదీ ముట్టుకోను.

వానలు వెనకబట్టాక మంచు మొదలవుతుంది. దీపావళి మర్నాడు ఒకసారి, మందుగుండు మసి మంచుతో కలవకముందే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పది రోజులకోసారి. పక్క పొలంలో నూర్పిళ్ళు జరుగుతుంటే ఇంకా ముందే.

జనవరిలో భోగి మంటలు. కట్టెల బూడిదలో పొటాషియం లవణాలుంటాయి, అవి గాలిలోని చెమ్మని తామే లాక్కుంటాయి. మంచు సరిగా పడని రాత్రి కూడా బూడిద తడిసి అంటుకునేది అందుకే. దాన్ని మూడో రోజుదాకా ఉంచితే వదిలించడం కష్టం. అందుకని సంక్రాంతి నాడు తెల్లవారుజామున కింద మా ఆవిడ కళ్ళాపి చల్లుతుంటే నేను పైన ప్యానెళ్ళు కడుగుతుంటాను. ముందుగా డాబా నీళ్ళ గొట్టం ఏ వైపు తెరుచుకుందో చూసుకోండి. ఒక ఏడాది నేను చూసుకోలేదు. బూడిద నీళ్ళన్నీ వెళ్ళి అప్పుడే వేసిన రథం ముగ్గు మీద పడ్డాయి.